గాలి గొట్టంలో ఉన్ని మేజోళ్ళు

ఉస్త్-పెల్గా,
12 జూలై 1984

ఒరేయ్ గ్లేబ్,

సరిహద్దులు కాసే సైనికుడివి కదా, "గౌరవనీయులైన" అని మొదలుపెట్టబోయాను. మీ అక్క నా భుజం మీంచి తొంగిచూసి, "వాడికి అసలే తలబిరుసు. మామూలుగా రాయి" అంది. అందుకని మామూలుగానే రాస్తున్నాను. మేమిద్దరం కులాసా. ఆవు ఈనింది. దూడ అచ్చం మన పోస్ట్‌మాస్టర్‌లా ఎప్పుడూ నోరు తెరిచే ఉంటుంది.

నీకో కబురు. నేను కరకాత్ కడుతున్నాను, అదే, బురదా నీళ్ళూ దాటే లావు చక్రాల బండి. నవ్వకు. చట్రం నేనే వెల్డింగ్ చేశాను. చక్రాలకి లారీ ట్యూబులు గాలి కొట్టి, పాత బెల్టు ముక్కలతో చుట్టూ బిగించాను. బురదలోకి తోస్తే బాతులా తేలింది. ఊరంతా వచ్చి చూసింది. కానీ పాత స్కూటర్ ఇంజన్ పెట్టానా, చిత్తడినేల మధ్యకి వెళ్ళేసరికి దానికి దమ్ము చాల్లేదు. నన్ను అక్కడే వదిలేసి చచ్చింది. తొడల లోతు నీళ్ళలో నడిచి ఇంటికొచ్చాను. మీ అక్క ఏమందో ఇక్కడ రాయను, మీ ఆఫీసర్లు ఉత్తరాలు చదువుతారటగా.

ఇప్పుడు దానికి ఇంకో ఇంజన్ పెట్టాను. రెండు సిలిండర్లది, బలమైనది. ఎక్కడ దొరికిందంటావా, లుద్గోరా టౌనులో ఒకాయన పాత సామాన్ల కొట్లో పడుంటే ఇచ్చాడు. కూర్చోబెట్టడం బాగానే కుదిరింది కానీ స్టార్ట్ అవ్వట్లేదు. ట్రాక్టరైతే నాకు కళ్ళు మూసుకున్నా వస్తుంది. ఈ మోటార్‌సైకిల్ ఇంజన్ల గుట్టు నీకే తెలుసు. నాలుగు ముక్కలు రాయి.

ఇదంతా దేనికంటే, అక్టోబరులో నది అటు నీరూ కాక ఇటు మంచూ కాక ఊరు ఎటూ కదల్లేనప్పుడు, దూరపు చెరువుకి వెళ్ళి వలలు వేద్దామని. చేపల పిచ్చి, అంతే.

నీ మోటార్‌సైకిల్ కొట్టంలో టార్పాలిన్ కింద భద్రంగా ఉంది.

మీ అక్క అడగమంది: తను అల్లిచ్చిన ఉన్ని మేజోళ్ళు వెచ్చగా ఉన్నాయా?

నీ బావ,
యెరెమెయ్


చితా దగ్గర దండు,
2 ఆగస్టు

బావా,

నీ ఉత్తరం మా బారకాసులో అందరికీ చదివి వినిపించాను. దూడ సంగతి చదివేసరికి ఒకడు నవ్వలేక మంచం మీంచి కిందపడ్డాడు. కరకాత్ బొమ్మ గీసి పంపమని మా షెడ్డు సార్జంట్ కూడా అడిగాడు. ఇక్కడ నాకు పని బాగుంది. లారీలూ గ్రీజూ నేనూ. కవాతు తక్కువ.

ఇంజన్ సంగతి. మొదట ప్లగ్గులు విప్పి, సిలిండరుకి ఆనించి కిక్ కొట్టు. నిప్పు నీలంగా వస్తుందా, ఎర్రగా వస్తుందా చూడు. తర్వాత పాయింట్ల మధ్య సందు చూడు. చాలాకాలం పడున్న ఇంజనైతే పాయింట్ల మీద చిలుం పడుతుంది, అగ్గిపెట్టె గీసే పక్కతో రుద్దు. అసలది ఏ మోడలో, నంబరు ఏమిటో రాయలేదు. నువ్వెప్పుడూ ఇంతే, రోగం చెప్పి రోగి పేరు చెప్పవు.

నా బండిని నెలకోసారి కిక్ కొట్టి తిప్పుతూ ఉండు, బిగుసుకుపోకుండా. అది మామూలు ఇంజన్ కాదని నీకు తెలుసు. నాన్న ఒక్కొక్క ముక్కా తెచ్చి, వంటింటి బల్ల మీద బిగించినది. ఆయన చేతి పని ఇంటో మిగిలింది అదొక్కటే. వచ్చే మే నెలలో పడవ దిగగానే రేవు నుంచి ఇంటిదాకా దాని మీదే వస్తాను. రాత్రి పడుకునే ముందు నేను రోజూ తలుచుకునేది అదే.

అక్క ఎలా ఉంది? నిజం చెప్పు. ఆ పాడు శరత్కాలం తర్వాత నేను బయల్దేరేదాకా తను నవ్వడం చూడలేదు. నది మధ్య మంచుముక్కల్లో పడవ ఇరుక్కోవడం, పుట్టిన బిడ్డ అక్కడే పోవడం, ఆ చిన్న పెట్టెకి నేనే మేకులు కొట్టడం, ఇవేవీ నన్ను వదలవు. ఇప్పుడేమైనా నవ్వుతోందా?

మేజోళ్ళు చాలా వెచ్చగా ఉన్నాయని చెప్పు. ఇక్కడి చలికి అవే దిక్కు.

నీ బావమరిది,
గ్లేబ్


ఉస్త్-పెల్గా,
25 ఆగస్టు

ఒరేయ్ గ్లేబ్,

మీ అక్క నవ్వుతోంది. మొన్న నేను పాలకుండతో సహా గడపలో జారిపడితే, పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత ఎందుకో కాసేపు ఏడ్చింది. ఆడవాళ్ళ సంగతి నాకేం తెలుసు.

నీ మాట ప్రకారం అన్నీ చూశాను. నిప్పు నీలంగానే వస్తోంది. పాయింట్లు అద్దంలా మెరుస్తున్నాయి. పెట్రోలు అందుతోంది. అయినా కిక్ కొడితే రెండుసార్లు దగ్గి, ఉలుకూ పలుకూ లేకుండా పడుకుంటుంది. ప్లగ్గు విప్పి చూస్తే పెట్రోలుతో తడిసి ముద్దై ఉంటుంది. ఆరబెట్టి పెడితే మళ్ళీ అదే దగ్గు. ఆసుపత్రిలో ముసలాళ్ళు కూడా ఇంత మొండిగా ఉండరు. పక్కింటి మలన్య పిన్ని రోజూ కంచె దగ్గర నిలబడి, "ఏం నాయనా, ఇవాళైనా మాట్లాడిందా నీ పెళ్ళికూతురు?" అని అడుగుతోంది.

నిన్న కోపంతో కొట్టిన కిక్కుకి చెయ్యి జారి, ఎడమ సిలిండరు మీద విరిగున్న రెక్క అరచేతిలో దిగింది. మీ అక్క కట్టు కట్టింది. అందుకే అక్షరాలు ఇలా వంకరగా ఉన్నాయి.

నీ ఇంజన్ని నెలకోసారి తిప్పమన్నావు. నువ్వేం బెంగపెట్టుకోకు. నెలకోసారి కాదు, రోజూ తిప్పుతున్నాను.

ఇంకేం చెయ్యాలో త్వరగా రాయి. ఆకులు అప్పుడే పసుపురంగుకి తిరుగుతున్నాయి.

చిత్తడినేలలో ఏరిన మొరోష్కా పళ్ళు డబ్బాలో పోసి, మైనంతో మూత అంటించి పంపుతున్నాను. నీ మీద ప్రేమతోనే, వేరే ఏమీ లేదు. మేజోళ్ళ మడమ దగ్గర అరిగితే దారం పంపుతానంది మీ అక్క.

నీ బావ,
యెరెమెయ్


చితా దగ్గర దండు,
14 సెప్టెంబరు

గౌరవనీయులైన యెరెమెయ్ ఫెదోతోవిచ్ గారికి,

మీ ఉత్తరమూ పళ్ళూ అందాయి. పళ్ళు తోటి సైనికులకి పంచిపెట్టాను.

మీ ఇంజన్ విషయంలో కొన్ని సలహాలు. కార్బ్యురేటర్లు రెండూ విప్పి, జెట్లన్నీ తీసి, కిరసనాయిల్లో నానబెట్టండి. ఫ్లోటు ఎత్తు కొలవండి. అదీ కాకపోతే ముందు మూత తీసి, పళ్ళచక్రాల గుర్తులు కలిసి ఉన్నాయో లేదో చూడండి. అదీ కాకపోతే సిలిండర్ల తలకాయలు దింపి వాల్వులు నూరండి. పనికి తొందర పనికిరాదు. చేపలు ఎక్కడికీ పోవు.

నా మోటార్‌సైకిల్‌ని రోజూ తిప్పుతున్నందుకు కృతజ్ఞుణ్ణి. ఏడాది పైగా కదలని బండి కదా, సైలెన్సర్‌లో పిచ్చుకలు గూడు పెట్టాయేమో ఒకసారి కొట్టంలోకి వెళ్ళి స్వయంగా చూసి రాయగలరు.

మేజోళ్ళు అరగలేదు.

ఇట్లు,
గ్లేబ్ సవ్వాతీయెవ్


ఉస్త్-పెల్గా,
4 అక్టోబరు

ఒరేయ్ గ్లేబ్,

"మీరు", "గారు" అని రాశావేంట్రా? కార్పొరల్‌వి అయ్యావా? మీ అక్కకి చదివి వినిపించినప్పుడు ఆ మాటలన్నీ "నువ్వు" చేసి చదివాను. తనకి అనుమానం రాలేదు. నేను మాత్రం రాత్రి లేచి దీపం దగ్గర నీ ఉత్తరం మళ్ళీ చదివాను.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. జెట్లు నానబెట్టాను, పళ్ళచక్రాలు చూశాను, వాల్వులు నూరాను. నెలంతా దానికే పోయింది. మళ్ళీ రెండు దగ్గులు, మౌనం.

రేపు చిన్న విమానం వస్తుందట. మైదానం బురదవ్వక ముందు ఇదే ఆఖరుది కావచ్చు. అందుకని ఇప్పుడే చెప్పేస్తున్నాను. లుద్గోరాలో ఎవరూ నాకేమీ ఇవ్వలేదు. ఆ ఇంజన్ నీదే. జూన్‌లో మీ అక్క పాలు పితుకుతుండగా, తేలు కుట్టిన దొంగలా చప్పుడు చెయ్యకుండా కొట్టంలోంచి దించాను. బండి సంగతి నాదీ పూచీ అని నీ చేతిలో చెయ్యి వేసి చెప్పినవాణ్ణి నేనే. తన తండ్రి ఇంజన్ని తీసినందుకు మీ అక్క నాతో ఆరోజంతా మాట్లాడలేదు. తర్వాత కొట్టంలోకి వెళ్ళి, ఇంజన్ లేని బండి మీద తనే టార్పాలిన్ కప్పి వచ్చింది.

చేపలకోసం కాదురా. మీ అక్క కడుపుతో ఉంది.

ఎవరికీ చెప్పకూడదని ఒట్టు వేయించుకుంది. నీక్కూడా. మనవాళ్ళ నమ్మకం నీకు తెలిసిందేగా, ఎంతమందికి తెలిస్తే నొప్పులు అంత కష్టమవుతాయని. పోయినసారి ఊరంతటికీ తెలిసిందనీ, అందుకే అలా జరిగిందనీ తన మనసులో నాటుకుపోయింది. విమానం ఆగకముందే లుద్గోరా ఆసుపత్రికి వెళ్ళిపోదాం అంటే, "పొట్టేసుకుని విమానం ఎక్కితే దండోరా వేసినట్టే. మంచు గట్టిపడ్డాక గుర్రపు స్లెడ్జిబండిలో వెళ్దాం, అప్పటిదాకా టైముంది" అంటుంది. పెద్ద శాలువా కప్పుకుని తిరుగుతోంది. మలన్య పిన్ని కళ్ళకి కూడా ఇంకా దొరకలేదు. కానీ నాకు ఆ లెక్క మీద నమ్మకం లేదు. పోయినసారీ నొప్పులు ముందే వచ్చాయి. మధ్యలో వస్తే పడవ వెళ్ళదు, గుర్రం వెళ్ళదు. వెళ్తే ఆ బురదా మంచూ మీంచి కరకాత్ ఒక్కటే వెళ్తుంది.

ఇంకో మాట. ఇంజన్ని నువ్వు బిగించినట్టే, గేర్‌బాక్సూ గాలి గొట్టాలూ అన్నీ కలిపి ఒక్క ముద్దగా దించాను. అడక్కుండా తీసుకున్నాను, కనీసం నీ చెయ్యి పడ్డ బోల్టులన్నా కదపకూడదనుకున్నాను. నువ్వు విప్పమన్నవే విప్పాను. ఇంకేదైనా విప్పాలంటే చెప్పు, విప్పుతాను.

తిట్టు. కానీ ముందు మార్గం చెప్పి తిట్టు. ఇది నీకు రాసినందుకే తనకి ఏమైనా అవుతుందేమోనని భయంగా ఉంది.

యెరెమెయ్


చితా దగ్గర దండు,
20 అక్టోబరు

బావా,

గాలి గొట్టాలు విప్పు. ఫిల్టర్ నుంచి కార్బ్యురేటర్లకి వెళ్ళే రెండు గొట్టాలు. ఒక్కొక్కదాన్లో ఒక్కొక్క మేజోడు ఉంది. లోపలికంటా ఉంటుంది, వంచిన తీగతో లాగు. అక్క అల్లినవే. ఇక్కడ మేజోళ్ళు వేసుకోనివ్వరు, కాళ్ళకి గుడ్డ చుట్టుకుంటాం. ఆ సంగతి ముందే తెలుసు. అక్క మనసు నొప్పించలేక తీసుకుని, బయల్దేరే ముందు ఎలకలూ తేమా లోపలికి దూరకుండా గొట్టాల్లో కుక్కాను. అందుకే దానికి ఊపిరాడట్లేదు. ప్లగ్గులు తడిసేది అందుకే. ఏడాదిగా "వెచ్చగా ఉన్నాయి" అని అబద్ధం రాస్తున్నాను.

ఇది చదవడం ఆపి వెళ్ళి తీసెయ్. మిగతాది తర్వాత చదువు.

తీశావా? ఇప్పుడు విను. నాకు ఆగస్టులోనే తెలుసు. ఎడమ సిలిండరు రెక్క విరగ్గొట్టింది నేనే, రేవు మెట్ల మీద పడేసి. నీ అరచెయ్యి కోసుకుందని చదవగానే అర్థమైపోయింది. తడిసిన ప్లగ్గు అని చదవగానే మేజోళ్ళూ గుర్తొచ్చాయి. ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. చేపలకోసం నాన్న ఇంజన్ పీకాడు, పీకనీ, కొట్టుకు చావనీ అనుకున్నాను. వాల్వులు నూరమన్నది నిన్ను ఏడిపించడానికే బావా. నువ్వు నెలంతా నూరావు. నువ్వు పంపిన మొరోష్కా పళ్ళు ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోకుండా పంచేసి, గొప్పగా ఫీలయ్యాను.

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. షెడ్డు నుంచి తపాలా ఆఫీసుకి అలాగే గ్రీజు చేతులతో పరుగెత్తాను. "గాలి గొట్టాల్లో మేజోళ్ళు తీసెయ్యి" అని టెలిగ్రామ్ రాసిస్తే కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి కాగితం వెనక్కి తోసేసి, "ఇది సరిహద్దు దండు. ఇలాంటి గూఢభాష పంపం" అంది. "అమ్మా, అవి నిజంగా మేజోళ్ళే, నిజంగా గొట్టాలే" అని మొత్తుకున్నాను. నమ్మలేదు. చివరికి సార్జంట్ వచ్చి సంతకం పెట్టాడు. వెళ్ళింది. కానీ తడిమంచు పడితే మన ఊరి తీగ తెగిపోతుందని నాకు తెలుసు. అందుకని ఇదీ రాస్తున్నాను.

ఆ చిన్న పెట్టెకి మేకులు కొట్టినవాణ్ణి నేను. మళ్ళీ అలాంటిది జరిగితే, నేను ఊళ్ళో అడుగుపెట్టను బావా.

గ్లేబ్


లుద్గోరా, ఆసుపత్రి,
5 నవంబరు

ఒరేయ్ గ్లేబ్,

ముందు ఇది: మీ అక్క బతికుంది. ఆడపిల్ల పుట్టింది, బతికుంది. కుండంత గొంతు. ఇప్పుడు కూర్చుని చదువు.

తీగ నువ్వన్నట్టే తెగింది. నీ టెలిగ్రామ్ లుద్గోరాలోనే ఉండిపోయింది. నొప్పులు అనుకున్నదానికంటే ముందే వచ్చాయి. నదిలో మంచుముక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. కరకాత్‌లో గొర్రెతోళ్ళు పరిచి మీ అక్కని కూర్చోబెట్టి కిక్ కొట్టాను. అవే రెండు దగ్గులు. కాలు పనిచేసినంతసేపు కొట్టాను. మీ అక్క పళ్ళు బిగించి, "చాలు. వెళ్ళి మగాళ్ళని పిలు" అంది. ఇన్ని నెలలు శాలువా కింద దాచుకున్న మనిషి తనంతట తనే ఆ మాట అంది.

పిలిచాను. ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. భుజాలకి తాళ్ళు వేసుకుని, చిత్తడినేల మీంచి కరకాత్‌ని లాగాం. బాతులా తేలింది కానీ బరువు. ఇంజన్ తీసేస్తే తేలికయ్యేది, బోల్టులు విప్పే వ్యవధి లేదు. మాట్లాడని ఇంజన్ని కూడా మీ అక్కతో పాటు లాక్కుంటూ వెళ్ళాం. తను స్టీరింగ్ పట్టుకుని, నొప్పి వచ్చినప్పుడల్లా, "అందరికీ తెలిసిపోయింది, ఇంక కాన్పు తెమలదు, ఇంక తెమలదు" అని గొణుక్కుంటూనే ఉంది. ముందు తాడు పట్టుకున్న మలన్య పిన్ని వెనక్కి తిరిగి, "నాకు ఎండాకాలంలోనే తెలుసే పిచ్చిదానా! ఆ నెలలో ఎవరైనా శాలువా కప్పుకుంటారా? పైకి అన్లేదంతే!" అని కేకేసింది. అవును, పిన్ని కూడా తాడు లాగింది.

ఆసుపత్రికి చేరేసరికి రోజున్నర పట్టింది. పాప అక్కడే పుట్టింది. మీ అక్కకి రక్తం ఆగలేదు. ఆపరేషన్ చేశారు. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి, "ప్రాణం నిలిచింది. ఇంక పిల్లలు పుట్టరు. ఒక్క పూట ముందు తెచ్చుంటే వేరేలా ఉండేది" అంది. కరకాత్ నడిచుంటే అదొక పూట ప్రయాణం. ఈ మాట మీ అక్కతో ఇంకా చెప్పలేదు.

మర్నాడు నీకు కబురు పంపుదామని తపాలా ఆఫీసుకి వెళ్తే, "ఉస్త్-పెల్గా వాళ్ళా? మీకో పిచ్చి టెలిగ్రామ్ ఉంది" అని ఇచ్చారు. ఆసుపత్రి ఆవరణలో కరకాత్ దగ్గర నిలబడే గొట్టాలు విప్పాను. తీగతో లాగితే ఒకటి, తర్వాత రెండోది. ఎర్ర అంచు మేజోళ్ళు. మొదటి కిక్కుకే అంటుకుంది. కిటికీలన్నీ అదిరేలా మోగింది. ఆ మోత వినగానే మీ అక్క మంచం మీద లేచి కూర్చుని, "నాన్న వచ్చినట్టుంది" అని ఏడ్చిందట.

మేజోళ్ళు చూపించి టెలిగ్రామ్ చదివి వినిపించాను. చాలాసేపు వాటిని ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. "వాడికి ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది. "నా ఉత్తరం చదివాకే. అదే రోజు పరుగెత్తి టెలిగ్రామ్ కొట్టాడు" అన్నాను. నేను నిజమనుకునే చెప్పాను.

ఊరికి దారి లేక ఇక్కడి తపాలా ఆఫీసులోనే ఆగిన నీ ఉత్తరం నిన్న ఇచ్చారు. పొయ్యి దగ్గర నిలబడి చదివాను. రెండోసారి చదివి పొయ్యిలో వేశాను. కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. కట్టెల కొట్లోకి వెళ్ళి నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత నేను దొంగిలించకపోతే, లుద్గోరా కథ అల్లకపోతే, నువ్వు నా దగ్గర ఎందుకు దాస్తావు అనిపించింది. ఒక్క బోల్టు ఎక్కువ విప్పే ధైర్యం నాకుంటే ఎవరి ఉత్తరమూ అక్కర్లేకపోయేది. నీ మీద పడే తప్పులో నేనూ ఉన్నాను, నా మీద పడేదాన్లో నువ్వూ ఉన్నావు. ఇద్దరం కలిసే మోద్దాం. నువ్వు ఊళ్ళో అడుగుపెట్టి తీరాలి. మే నెలలో రేవుకి కరకాత్ తెస్తాను. నడిపేది నువ్వే.

నేను వార్డులోకి వెళ్ళేసరికి మీ అక్క పాపని ఒక మేజోడులోకి దించుతోంది. చంకల దాకా వచ్చింది, సంచిలా. రెండోది విప్పేసి, ఆ ఉన్నితో టోపీ అల్లుతానంది. "గ్లేబ్ ఉత్తరమా? ఏం రాశాడు?" అంది. "ఏముంది, అంతా కులాసా అని" అన్నాను. నా ముఖం వంక చూసింది. తర్వాత పాప వైపు తిరిగి, ఎర్ర అంచు సర్దుతూ ఉండిపోయింది.

నీకు ఉత్తరం రాస్తున్నానని చెప్పాను. నేను రాసినప్పుడల్లా పక్కన కూర్చుని ఏదో ఒకటి అడగమంటుంది కదా. ఈసారి కలం పట్టుకుని చాలాసేపు కాచుకున్నాను. మీ అక్క నిన్ను ఏమీ అడగమనలేదు.

నీ బావ,
యెరెమెయ్